చెరువు గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై, హైదరాబాద్‌లో నా డెస్క్‌టాప్: కరెంటు పోయిన ప్రతిసారీ తెగిపోయిన కనెక్షన్ కేసు

ఇది పోయిన వేసవిలో నాకు దాదాపు మూడు వారాల నిద్ర లేకుండా చేసిన కేసు. దొరికిన కారణం చాలా చిన్నది, కానీ అది దాక్కున్న తీరు ఇంకొకరికి పనికొస్తుందని మొత్తం వివరంగా రాస్తున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

భీమవరం దగ్గర మా బాబాయ్‌కి రొయ్యల చెరువులున్నాయి, వనామీ అనే రకం రొయ్య వేస్తారు. రొయ్యల రైతులకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ని అక్కడ అందరూ డీవో అంటారు, పగలు నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు తిరిగి తాగేస్తుంది, అందుకని తెల్లవారే ముందు డీవో బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందకి వస్తోందంటే ఏరేటర్లు, అంటే నీళ్ళని చిలికి గాలి కలిపే మోటార్లు, తిరుగుతున్నాయా లేదా అని ఎవరో ఒకరు లేచి చూడాల్సిందే. చేత్తో మీటరు పట్టుకుని రాత్రి మూడింటికి గట్టు మీద తిరిగే పని తగ్గిద్దామని నీళ్ళలో ముంచి పెట్టే ఒక డీవో ప్రోబ్ కొని, దాని రీడింగుల్ని కంప్యూటర్‌కి అందించే మోడ్‌బస్ కన్వర్టర్‌తో రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌కి (ఇకమీదట దీన్నే ఉత్త పై అంటా) తగిలించి, షెడ్డులో పెట్టి, రీడింగులు నేను అద్దెకి తీసుకున్న సర్వర్‌కి పంపేలా పెట్టా. డీవో పడితే ఆ సర్వర్ నాకూ బాబాయ్‌కీ ఫోన్‌లో అలర్ట్ ఇస్తుంది. ఇదంతా మార్చిలో.

ఇంట్లో ఉన్నంతసేపు పై లోకి వెళ్ళడం అసలు సమస్యే కాదు. పై కి డిస్క్‌లాగా పనిచేసే ఎస్‌డీ కార్డుని ఇమేజర్ అనే ప్రోగ్రామ్‌లో రాసేటప్పుడే యూజర్ పేరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్ళి కమాండ్లు కొట్టే పద్ధతి) కీ ఇచ్చేస్తాం, డెస్క్‌టాప్ టెర్మినల్‌లో పేరు పక్కన చుక్క లోకల్ అని కొడితే లోపలికి వెళ్ళిపోతాం, విండోస్ 10లో కూడా ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ దాంట్లోనే వస్తుంది కాబట్టి వేరే సాఫ్ట్‌వేర్ దించుకునే పని కూడా లేదు. పాత వీడియోలు చూసి పై అనే యూజర్, రాస్ప్‌బెర్రీ అనే పాస్‌వర్డ్ కొట్టి రావట్లేదని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, 2022 ఏప్రిల్ నుంచి ఆ డిఫాల్ట్ యూజర్‌ని తీసేశారు, మనమే పెట్టుకోవాలి. మా తమ్ముడికి, అంటే బాబాయ్ కొడుక్కి, స్క్రీన్ కనపడాలని ఉండేది, వాడి కోసం మొదట దూరం నుంచి స్క్రీన్ చూపించే వీఎన్‌సీ పెట్టా, 4జీ మీద అది నత్తనడక నడిచింది. రెండ్రోజులకే తీసేసి డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ వేశా. సెన్సర్ చదివే పెట్టెకి డెస్క్‌టాప్ బొమ్మ ఎందుకు, గ్రాఫులు చూడాలంటే పై లోని గ్రాఫు పేజీని ఎస్‌ఎస్‌హెచ్ లోంచే ఇటు లాక్కుని మన బ్రౌజర్‌లో చూసుకోవచ్చు, నాకైతే అదే నచ్చుతుంది.

అసలు కథ చెరువు దగ్గర మొదలవుతుంది. అక్కడ నెట్ అంటే సిమ్ వేసిన 4జీ వైఫై డాంగిల్. డాంగిల్ పేజీ తెరిచి చూస్తే దానికొచ్చిన అడ్రస్ 100తో మొదలవుతోంది. అది చూడగానే పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయట్నుంచి వచ్చే కనెక్షన్‌ని లోపలి పరికరానికి మళ్ళించడం, ఆ ఆశ వదిలేసుకోవాలి, ఎందుకంటే 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఆ గుంపు మొత్తాన్ని 2012లో ఇలాంటి పనికే కేటాయించారు, కంపెనీ వాళ్ళు వేలమంది కస్టమర్లని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడతారు. బయట్నుంచి మన తలుపు కొట్టడానికి దారే లేదు, లోపల్నుంచి పై తనే బయటికొచ్చి మనల్ని కలవాలి.

దానికి దారులు చాలానే ఉన్నాయి, టెయిల్‌స్కేల్ ఉంది, 2024 మే నుంచి రాస్ప్‌బెర్రీ వాళ్ళ సొంత కనెక్ట్ ఉంది, కొత్తవాళ్ళెవరైనా అడిగితే ముందు వాటితోనే మొదలుపెట్టమంటా. నాకు సర్వర్ ఎలాగూ ఉంది కదా అని మొదటి రెండు వారాలు రివర్స్ ఎస్‌ఎస్‌హెచ్‌తో (పై తనే సర్వర్‌కి కనెక్ట్ అయి, ఆ దారిలోనే మనల్ని వెనక్కి రానివ్వడం) నడిపి, తర్వాత వైర్‌గార్డ్‌కి, అంటే రెండు కంప్యూటర్ల మధ్య నెట్ మీదుగా ప్రైవేటు టన్నెల్ వేసే వీపీఎన్‌కి, మారా. సర్వర్ 10.8.0.1, పై 10.8.0.5, దారి మూసుకుపోకుండా 25 సెకన్లకోసారి కీప్ అలైవ్ ప్యాకెట్. పై వైపు కాన్ఫిగ్ ఫైల్ కొత్తగా రాయలేదు, నా ఫోన్‌కి అంతకుముందు వాడిన ఫైల్‌నే కాపీ చేసి కీలు మార్చా. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్‌లో రెండు ఎస్‌డీ కార్డులు పోయాయి. అక్కడ కరెంటు పోవడం అంటే ఒక్కసారి పోవడం కాదు, లైన్ పోతుంది, కుర్రాడు వెళ్ళి జనరేటర్ వేస్తాడు, లైన్ వచ్చాక మళ్ళీ మారుస్తాడు, అంటే ఒక కోతకి పై రెండుసార్లు పుటుక్కున ఆగుతుంది. పైగా షెడ్డులో వాడిన యూఎస్‌బీ కేబుల్ సన్నది, పొడుగుది, పై కి 4.63 వోల్టుల కంటే తక్కువొస్తే అది అండర్ వోల్టేజ్ అని రాసుకుంటుంది, లాగ్ నిండా అవే. అప్పుడే ఇంకోటి కూడా గమనించా, కోత తర్వాత టన్నెల్ ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి పావుగంటకీ అరగంటకీ వచ్చేది. సిగ్నల్ బాలేదనుకుని వదిలేశా.

మే 18న నేనే ఊరు వెళ్ళా. కేబుల్ మార్చి, కొత్త కార్డు వేసి, ఈసారి కార్డు పోకూడదని ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశా. అంటే కార్డు మీద ఏమీ రాయదు, రాసేవన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, కరెంటు పోతే అవన్నీ పోతాయి, మళ్ళీ లేచినప్పుడు కార్డు ఎలా ఉందో అలాగే లేస్తుంది. రీడింగులు మాత్రం పోకుండా విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో రాయించా. సాయంత్రం 5కి ఆన్ చేసి రీబూట్ చేశా, నిమిషంలో టన్నెల్ వచ్చింది. పరీక్షగా 5 నిమిషాలాగి ప్లగ్గు పీకి పెట్టా, ఈసారి నాలుగు నిమిషాలు పట్టింది. డాంగిల్ కూడా లేవాలి కదా అనుకున్నా. రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చేశా.

ఆ రాత్రే ఒంటిగంటకి కరెంటు పోయింది. టన్నెల్ లేదు. పొద్దున 9 దాటాక దానంతటదే వచ్చింది, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. మే 23న మళ్ళీ కోత, ఈసారి రోజంతా చూసినా రాలేదు. మర్నాడు రాత్రి విసుగొచ్చి సర్వర్‌లో వైర్‌గార్డ్‌ని ఆపి మళ్ళీ వేశా, పది సెకన్లలో పై కనపడింది. లోపలికెళ్ళి చూస్తే అంతా బానే ఉంది, డిస్క్ బాగుంది, మెమరీ ఉంది, సెన్సర్ చదువుతోంది, టైమ్ సరిగ్గా ఉంది. మే 30న ఇదే, జూన్ మొదటి వారంలో రెండుసార్లు ఇదే. ప్రతిసారీ సర్వర్ రీస్టార్ట్ చేస్తే వచ్చేస్తోంది కాబట్టి జబ్బు సర్వర్‌దే అని గట్టిగా నమ్మేశా. ఫైర్‌వాల్ మార్చా, పోర్టు మార్చా, కర్నెల్ అప్‌డేట్ చేశా. ఏ మందు వేసినా ఆ మందు వేయడానికి సర్వర్‌ని ఓసారి రీస్టార్ట్ చేయాల్సిందే, రీస్టార్ట్ చేయగానే పై వచ్చేస్తుంది, మందు పనిచేసిందని అనుకుంటా, తర్వాతి కోత దాకా ఆ నమ్మకం నిలుస్తుంది.

జూన్ 8 రాత్రి 1:40కి కరెంటు పోయింది. జనరేటర్ వేశారు గానీ రెండు ఏరేటర్లు తిరిగి స్టార్ట్ కాలేదు. డీవో పడుతోంది, పై చదువుతోంది, పెన్‌డ్రైవ్‌లో రాస్తోంది, కానీ టన్నెల్ లేదు కాబట్టి సర్వర్‌కి తెలీదు, మాకెవరికీ అలర్ట్ రాలేదు. నాలుగున్నరకి కాపలా ఆయన గట్టు మీదకొచ్చి చూసేసరికి రొయ్య పైకి తేలుతోంది, ఆయన ఏరేటర్లు వేసి బాబాయ్‌ని లేపాడు. నష్టం పెద్దగా జరగలేదు, ఆయన పుణ్యమా అని. పొద్దున బాబాయ్ ఫోన్ చేసి "ఒరే అబ్బాయ్, నీ పెట్టెని నమ్ముకుని నేను రాత్రి లేవడం మానేశాన్రా" అన్నాడు. తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు సెలవు పెట్టి కూర్చున్నా. ఈసారి సర్వర్‌ని మాత్రం రీస్టార్ట్ చేయకూడదని అనుకున్నా, అది చెడిపోయి ఉన్న స్థితిలోనే చూడాలి. ప్యాకెట్లు పట్టి చూశా, పై నుంచి ఐదేసి సెకన్లకి 148 బైట్ల ప్యాకెట్ వస్తూనే ఉంది. వైర్‌గార్డ్‌లో 148 బైట్లంటే హ్యాండ్‌షేక్ (కనెక్షన్‌కి ముందు ఒకరినొకరు గుర్తుపట్టే పలకరింపు) మొదలుపెడదామా అని అడగడం, దానికి అవతలి వైపు 92 బైట్ల జవాబివ్వాలి. ఆ 92 ఒక్కటి కూడా లేదు. అంటే నెట్ బాగుంది, డాంగిల్ బాగుంది, పై బతికే ఉంది, అడుగుతూనే ఉంది, సర్వరే విని ఊరుకుంటోంది. వైర్‌గార్డ్ స్వభావమే అంత, నచ్చని ప్యాకెట్‌కి జవాబివ్వదు, తప్పేంటో చెప్పదు, బయటివాళ్ళకి అక్కడ ఒక సర్వర్ ఉందని కూడా తెలియకూడదని అలా చేశారు. భద్రతకి అది మంచిదే. కర్నెల్‌లో వైర్‌గార్డ్ డీబగ్ లాగ్ ఆన్ చేస్తే అప్పుడు చెప్పింది, ఇన్‌వాలిడ్ హ్యాండ్‌షేక్ ఇనిషియేషన్ అని, అంటే ఆ పలకరింపు చెల్లదని, పక్కన డాంగిల్ వెనక ఉన్న పబ్లిక్ అడ్రస్.

కీలు మారలేదు. కీలు తప్పయితే రీస్టార్ట్ చేసినా రాకూడదు. మరి ఎందుకు చెల్లదు? ప్రోటోకాల్ గురించి మొదట్నుంచి చదివా. ఆ 148 బైట్లలో పంపేవాడి టైమ్ కూడా ఉంటుంది. ఎవడైనా పాత ప్యాకెట్‌ని దొంగిలించి మళ్ళీ పంపితే నమ్మకుండా ఉండటానికి, ప్రతి పీర్ (టన్నెల్ అవతలి పరికరం) దగ్గర్నుంచి చివరిగా వచ్చిన టైమ్‌ని సర్వర్ గుర్తుపెట్టుకుని, దానికంటే పాత టైమ్ వేసుకుని వచ్చినదాన్ని పారేస్తుంది. ఆ గుర్తు మెమరీలో మాత్రమే ఉంటుంది, ఇంటర్‌ఫేస్ ఆపి మళ్ళీ వేస్తే చెరిగిపోతుంది.

అది చదవగానే తమ్ముడికి ఫోన్ చేశా. ల్యాప్‌టాప్‌ని ఆ డాంగిల్ వైఫైకే కలిపి పై లోకి లోకల్‌గా వెళ్ళి, డేట్ అని కొట్టమన్నా.

"ఏం చూపిస్తోందిరా?"

"మే 18 రాత్రి ఎనిమిదిన్నర అన్నయ్యా. ఇవాళ జూన్ 9 కదా?"

కుర్చీలో వెనక్కి వాలిపోయా. వాడినే పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కూడా తెరవమన్నా, రాత్రి రీడింగులన్నీ మే 18 తారీకుతో ఉన్నాయి, అంతకుముందు కోతల తర్వాతవి కూడా మే 18 సాయంత్రం నుంచే మొదలు, ఒకే తారీకు నుంచి మళ్ళీ మళ్ళీ.

పై 3బీ ప్లస్‌లో బ్యాటరీ గడియారం లేదు. పై 5లో గడియారం చిప్పు బోర్డు మీదే పెట్టారు, బ్యాటరీ మాత్రం విడిగా కొనుక్కోవాలి, అంతకుముందు వాటిలో అదీ లేదు. అందుకని టైమ్‌ని అప్పుడప్పుడు కార్డు మీద రాసుకుని, లేవగానే అక్కడ్నుంచి మొదలుపెట్టి, నెట్ రాగానే టైమ్ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటుంది. ఓవర్‌లే వేశాక కార్డు మీద రాయడమే లేదు కదా, కాబట్టి ఎప్పుడు లేచినా దానికి అది మే 18 సాయంత్రం 5 గంటలే. పర్లేదు, నెట్ ఉంది, టైమ్ సర్వర్‌ని అడగొచ్చు. కానీ ఫోన్ నుంచి కాపీ చేసిన ఆ కాన్ఫిగ్‌లో అలౌడ్ ఐపీస్ దగ్గర 0.0.0.0/0 అని ఉంది, అంటే పై నుంచి బయటికెళ్ళే ప్రతి ప్యాకెట్టూ టన్నెల్ లోంచే వెళ్ళాలి. ఫోన్‌కి అది కావాలి, బయట వైఫైలో ఉన్నప్పుడు అంతా మన సర్వర్ గుండా పోవాలని పెట్టుకున్నా. పై కి వచ్చేసరికి టైమ్ అడిగే ప్యాకెట్ కూడా టన్నెల్‌లోకే వెళ్ళింది. టైమ్ సరిగ్గా ఉంటే గానీ టన్నెల్ రాదు, టన్నెల్ వస్తే గానీ టైమ్ సరికాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అని మా నాయనమ్మ అనే సామెత ఉంది, సరిగ్గా అదే.

ఇక ఒక్కొక్కటీ ముడి విడిపోయింది. మే 18న ప్లగ్గు పీకినప్పుడు నాలుగు నిమిషాలు ఎందుకు పట్టిందంటే, పై గడియారం మళ్ళీ 5 గంటల నుంచి మొదలై, సర్వర్ చివరిగా చూసిన టైమ్‌ని దాటడానికి అంతసేపు పట్టింది. ఆ రాత్రి ఒంటిగంట కోతకి ఎనిమిది గంటలు దాటాలి, పొద్దున తొమ్మిదికి దాటింది. మే 23కి ఐదు రోజులు దాటాలి, అది అయ్యే పని కాదు. ఏప్రిల్‌లో పావుగంటలూ అరగంటలూ కూడా ఇదే, అప్పుడు ఓవర్‌లే లేదు కాబట్టి కార్డు మీద రాసుకున్న టైమ్ కొంచెమే వెనకుండేది. అన్నిటికంటే నన్ను తిప్పలు పెట్టింది ఏంటంటే, నేను సర్వర్ రీస్టార్ట్ చేసి లోపలికి వెళ్ళిన ప్రతిసారీ, టన్నెల్ వచ్చిన కొద్ది సెకన్లలోనే పై టైమ్ అడిగి సరిచేసుకునేది. నేను డేట్ కొట్టేసరికి ఇవాళ్టి తారీకే ఉండేది. లోపలికెళ్ళే దారే సాక్ష్యాన్ని చెరిపేస్తోంది. చెడిపోయినప్పుడు ఇంకో దారిలో వెళ్ళి చూడకపోతే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

సరిచేయడం కూడా ఒక్క దెబ్బకి అవలేదు. ఓవర్‌లే తీసి, రీబూట్ చేసి, అలౌడ్ ఐపీస్‌ని 10.8.0.0/24కి, అంటే టన్నెల్ లోపలి అడ్రస్‌లకి మాత్రమే, మార్చి, మళ్ళీ ఓవర్‌లే వేశా. రెండ్రోజులాగి తమ్ముడి చేత ప్లగ్గు పీకించా, రెండ్రోజులు ఎందుకంటే వెంటనే పీకితే గడియారం తేడా నిమిషాల్లోనే ఉండి తప్పు దాగిపోతుంది కాబట్టి. రాలేదు! మళ్ళీ వాడి చేతే లోకల్‌గా చూపించుకుంటే, టైమ్ సర్వర్ పేరుకి అడ్రస్ దొరకట్లేదు. అదే కాన్ఫిగ్‌లో డీఎన్‌ఎస్ అని, పేర్లకి అడ్రస్ ఎవర్ని అడగాలో చెప్పే ఇంకో లైన్ ఉంది, అది 10.8.0.1కి చూపిస్తోంది, అంటే టన్నెల్ అవతలికి. ప్యాకెట్ బయటికెళ్ళే దారి ఇచ్చాను గానీ పేరు అడిగే దారి లోపలే వదిలేశా. ఆ లైన్ కూడా తీసేశా. మళ్ళీ రెండ్రోజులాగి పీకించాం, ఒకటిన్నర నిమిషంలో వచ్చింది. మొదటి కొన్ని హ్యాండ్‌షేక్‌లు పాత తారీకుతో వెళ్ళి సర్వర్ దగ్గర పోతాయి, ఈలోగా టైమ్ సరవుతుంది, తర్వాతది చెల్లుతుంది.

జూలైలో వెళ్ళినప్పుడు డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ కూడా పెట్టా, రెండు మూడొందల్లో దొరుకుతుంది, నాలుగు పిన్నులు కలిపి, బూట్ కాన్ఫిగ్‌లో ఒక లైన్ రాసి, పాత ఫేక్ గడియారం ప్యాకేజీ తీసేస్తే చాలు. కాన్ఫిగ్ సరిచేశాక ఇది అవసరమా అని తమ్ముడు అడిగాడు, టన్నెల్‌కి అవసరం లేదు గానీ నెట్ లేని రాత్రి రీడింగుల తారీకు సరిగ్గా ఉండాలంటే కావాలి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఆన్ చేశా, పై పూర్తిగా బిగుసుకుపోతే 15 సెకన్లలో అదే రీబూట్ అవుతుంది.

రివర్స్ ఎస్‌ఎస్‌హెచ్‌ని కూడా మళ్ళీ పెట్టా, దొడ్డిగుమ్మంలాగా. మామూలు కీలతో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ గడియారం చూడదు, 18 మే అని ఉన్నా లోపలికి రానిస్తుంది. మే నెలలో ఇది ఉండి, వైర్‌గార్డ్ గుండా కాకుండా నేరుగా పోయేలా పెట్టి ఉంటే మొదటి రోజే దొరికేది. రెండో దారి పెట్టుకునేవాళ్ళు మొదటి దారి చెడే కారణంతోనే అదీ చెడకుండా చూసుకోవాలి, ఒకే టన్నెల్ లోంచి రెండు కనెక్షన్లు పెట్టుకుంటే అది రెండో దారి అవ్వదు. సర్వర్ వైపు ఆ పోర్టుని బయటికి తెరవలేదు, సర్వర్ లోపలికే కట్టేసి, నా డెస్క్‌టాప్ నుంచి సర్వర్ మీదుగా దూకి వెళ్తా, పాస్‌వర్డ్ లాగిన్ రెండు చోట్లా తీసేశా.

ఇంకొక పని చేశా, ఇది ముందే చేయాల్సింది. రిలే, అంటే పై చెప్తే ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్, పెట్టి షెడ్డు మీద సైరన్ తగిలించా, డీవో పడితే పై నేరుగా అదే మోగిస్తుంది, నెట్ ఉన్నా లేకపోయినా. చెరువు ప్రాణం 400 కిలోమీటర్ల అవతల ఉన్న సర్వర్ మీద, సిమ్ కార్డు మీద ఆధారపడకూడదు. హైదరాబాద్‌లో నాకు తెలియడం ఆలస్యమైతే కొంపలేం మునగవు, గట్టు మీద ఉన్న మనిషికి తెలియాలి.

ఆగస్టులో ఒక రాత్రి 2:12కి లైన్ పోయింది, జనరేటర్ వేశాక 2:16కి పై తిరిగొచ్చిందని సర్వర్ లాగ్‌లో ఉంది. మూడింటికి డీవో 3.8కి పడింది, సైరన్ మోగింది, నా ఫోన్‌కి అలర్ట్ వచ్చేసరికే బాబాయ్ గట్టు మీద ఉన్నాడు. ఇంకా తేలనిది డాంగిల్ ఒక్కటే, పదిహేను ఇరవై రోజులకోసారి అది వేడెక్కి ఊరికే బిగుసుకుపోతుంది, పై బాగానే ఉంటుంది గానీ బయటికెళ్ళే దారి ఉండదు. ప్రస్తుతానికి పెన్‌డ్రైవ్‌లో రీడింగులు ఉంటాయి, సైరన్ ఉంటుంది, తమ్ముడు పొద్దున వెళ్ళి డాంగిల్ తీసి పెడతాడు. సర్వర్ పదిసార్లు వరసగా పలకకపోతే ఇంకో రిలేతో డాంగిల్‌కి కరెంటు ఆపి మళ్ళీ ఇచ్చేలా స్క్రిప్ట్ రాసి ఇంట్లో నడుపుతున్నా, రెండు వారాలు చూసి సంక్రాంతికి వెళ్ళినప్పుడు షెడ్డులో పెడతా.